తుపాకి మందు ఎండబెట్టకూడదు

క్లబ్బులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు గానీ, పని నేర్చుకుందామని పక్క జిల్లాల నుంచి వచ్చేవాళ్ళు గానీ నన్ను మొట్టమొదట అడిగేది ఒకటే మాట: "మావయ్యా, ఏ మందు మంచిది?"

ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బట్టల కొట్టుకెళ్ళి "ఏ చొక్కా మంచిదండీ?" అని అడిగితే గుమాస్తా ఏం చెబుతాడు? ఎవరికండీ, ఏ సైజండీ, పెళ్ళికా పొలానికా అని ఎదురడుగుతాడు. తుపాకి మందు కూడా అంతే. ఏ తుపాకికి, ఎంత బరువు గుండుకి, ఏ ఊళ్ళో, ఏ కాలంలో అని అడిగాకే జవాబు. ఇంత చెప్పినా "అది కాదు మావయ్యా, జనరల్‌గా..." అంటారు. జనరల్‌గా అయితే మజ్జిగ మంచిది, తాగి పొండి అంటాను.

నా పేరు రజాక్. బందరులో పుట్టాను, బందరులోనే ఒక రైఫిల్ క్లబ్బులో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆర్మరర్ అంటే తుపాకులు బాగుచేసేవాడు అనుకుంటారు. అది సగం పని. పోటీల్లో కాల్చేవాళ్ళకి తూటాలు తయారుచేసి ఇవ్వడం రెండో సగం. పేలిన తూటా ఇత్తడి గొట్టాన్ని మేం పారెయ్యం. దాన్ని శుభ్రం చేసి, అడుగున మందుని అంటించే కొత్త క్యాపు నొక్కి, మందు తూచి పోసి, మూతికి కొత్త గుండు బిగిస్తే మళ్ళీ తూటా అవుతుంది. లైసెన్సు, అనుమతి ఉన్నచోట మాత్రమే చెయ్యాల్సిన పని ఇది. అవేమీ లేకుండా ఇంట్లో చేసి చూద్దామనుకునేవాళ్ళు ఈ కాగితాలు ఇక్కడే మూసేసి వేరే పని చూసుకోండి.

ప్రమోషన్ల సంగతి రాయను. నాకొచ్చింది ఒక్కటే, అదీ జీతం పెరగని ప్రమోషను. మనుషుల సంగతి రాస్తాను. ఈ పని నాకు వాళ్ళ వల్లే వంటబట్టింది.

ఉస్తాద్

నాకు పని నేర్పింది మీరా సాహెబు గారు. మా పనిలో నేర్పినవాణ్ణి ఉస్తాద్ అంటాం. నేనూ ఆయన్ని ఆఖరిదాకా అలాగే పిలిచాను. వాళ్ళ నాన్న చిలకలపూడిలో రోల్డుగోల్డు పనివాళ్ళ ఇళ్ళ మధ్య చిన్న తుపాకుల షాపు నడిపేవారట. దివిసీమ ఆసాములు లంకల్లో బాతుల వేటకి వాడే తుపాకులన్నీ బాగుచెయ్యడానికి అక్కడికే వచ్చేవట. ఉస్తాద్ ఆ షాపులోనే ఆకురాయి పట్టడం నేర్చుకున్నారు. నేను చేరేనాటికి షాపు మూతపడింది, ఆయన క్లబ్బులో ఉద్యోగి. మందు తూచడానికి మంచి త్రాసు కొనండి మహాప్రభో అని క్లబ్బువాళ్ళని అడిగీ అడిగీ విసుగెత్తి, ఎరిగున్న కంసాలి దగ్గర బంగారం తూచే త్రాసు తెచ్చి బల్ల మీద పెట్టుకున్న మనిషి ఆయన.

నోరు మహా దురుసు. ఆకురాయి వంకరగా పట్టానంటే మెడ మీద ఒక్కటిచ్చేవారు. "గాడిదా! నువ్వు రుద్దుతున్నది ఇనుము అనుకుంటున్నావా? అది ఒకడి కన్ను" అనేవారు. ఆ సాయంత్రమే సమోసాలు తెప్పించి, "తినరా, చిక్కిపోయావు" అని దగ్గర కూర్చుని తినిపించేవారు. మా నాన్న పోయినప్పుడు రోజూ వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. ఒక్క ఓదార్పు మాట అనలేదు. ఊరికే కూర్చుని చీకటి పడ్డాక వెళ్ళేవారు. ఆయనంటే నాకు ప్రాణం. ఈ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు గానీ, ఇక్కడ రాసుకోవడానికి సిగ్గెందుకు.

ఆయనకి బాగా తెలిసింది పాత నాటు మందు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపి చేసేది. దానికి తేమ పడదు. వేటకి వెళ్ళే ముందు డాబా మీద గుడ్డ పరిచి ఆ మందు ఎండబెట్టుకోవడం ఆ రోజుల్లో ఈ తీరంలో ఇంటింటి అలవాటు. ఓ పక్క మిరపకాయలు, ఓ పక్క వడియాలు, దూరంగా ఓ మూల తుపాకి మందు. పిల్లలు అటు పోకుండా ముసలమ్మ ఎవరో ఒకరు కాపలా ఉండేవారట.

నేను ట్రైనింగుకి వెళ్ళొచ్చి ఫ్యాక్టరీలో చేసిన పొగ రాని మందు టిన్ను మొదటిసారి ఆయన ముందు తెరిచినప్పుడు అరచేతిలో కాస్త పోసుకుని చూశారు. "ఇదేంట్రా, గసగసాల్లా ఉంది" అన్నారు. ఆ తర్వాత మా ఇద్దరికీ మాట లేకుండానే ఒప్పందం కుదిరింది. పాత తుపాకులు ఆయనవి, కొత్త మందు నాది. నా బల్ల దగ్గరికొచ్చి ఆ మందు గురించి ఎన్నడూ అడగలేదు, నేనూ ఎన్నడూ చెప్పలేదు. ఉస్తాద్‌కి నేను చెప్పడమేంటని నా భయం.

గడ్డి మంట, కట్టె మంట

ఇప్పుడు మందు సంగతి. మందుల్లో త్వరగా మండేవీ ఉంటాయి, నిదానంగా మండేవీ ఉంటాయి. వరిగడ్డి అంటిస్తే భగ్గుమని ఒక్కసారే మండిపోతుంది. సరుగుడు కట్టె అంటుకోవడానికి టైము తీసుకుని, అంటుకున్నాక నిలకడగా మండుతుంది. రెండూ మంటే. అన్నం దేనిమీద వండుతారో మీకు తెలుసు.

చిన్న క్యాలిబర్ రైఫిల్లో బ్యారెల్ సన్నం. అందులోంచి బరువు గుండు వెళ్ళాలంటే వెనకనుంచి నిదానంగా, చివరిదాకా తొయ్యాలి. గడ్డిలా మండే మందు పోస్తే గుండు కదిలేలోపే లోపల ఒత్తిడి కొండెక్కి కూర్చుంటుంది. అది గుండుని తొయ్యలేక, తూటాని వెనకనుంచి మూసి పట్టే బోల్టుని తోస్తుంది. బోల్టు వెనక ఉండేది కాల్చేవాళ్ళ మొహం. గుండు తేలికదైతే ఇంకో రకం మందు కావాలి. మందు చేసినవాడు ఏ గుండుకి ఎంత అని పుస్తకంలో రాస్తాడు. అందులో అన్నిటికన్నా తక్కువ చెప్పిన దగ్గర మొదలుపెట్టి, వెంట్రుకవాసి పెంచుకుంటూ, ప్రతిసారీ పేలిన ఇత్తడి గొట్టాన్ని చేతిలోకి తీసుకుని చూడాలి. టార్గెట్టు మీద గుండ్లన్నీ దగ్గర దగ్గరగా పడుతున్నాయా అన్నది రెండో సంగతి. గొట్టం ఏం చెబుతోందన్నది మొదటిది. చాలామంది ఈ రెండూ తిరగేసి చూస్తారు. అక్కడే కొంపలు మునుగుతాయి.

ఇది మా సెక్రటరీ గారికి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ఒక రొయ్యల చెరువు అవసరమైంది.

చలపతిరావు గారి పవరు

చలపతిరావు గారు క్లబ్బు సెక్రటరీ. నాగాయలంక దగ్గర పొలాలు, కృత్తివెన్ను దగ్గర రొయ్యల చెరువులు. చెయ్యి పెద్దది, గొంతు అంతకన్నా పెద్దది. జీపు గేటు దగ్గర ఉండగానే ఆయన మాట లోపలికొచ్చేసేది.

ఒకరోజు పన్నెండు బోరు వేట తుపాకిలో వాడే మందు డబ్బా ఒకటి పట్టుకొచ్చి నా బల్ల మీద ఠపీమని పెట్టారు. "ఏవయ్యా రజాకూ, ఇది భలే స్పీడుగా మండుతుందంటగా? నా రైఫిలుకి ఇదే పొయ్యి. పవరుండాలయ్యా, పవరు!"

పొయ్యనన్నాను. ఆయనకి కోపం వచ్చింది. క్లబ్బు ఎవరిది, జీతం ఎవరిస్తున్నారు అన్నంత దూరం వెళ్ళారు. ఒత్తిడి, బోల్టు అని నేను చెప్పేదేమీ చెవికెక్కించుకోలేదు. చివరికి విసిగి, "అయ్యా, పిల్ల రొయ్యలకి వేసే మేత పెద్ద రొయ్యలకి వేస్తారా?" అన్నాను.

"ఎందుకేస్తానయ్యా, మతుండే మాట్లాడుతున్నావా? సైజుని బట్టి మేత."

"మరి గుండు సైజుని బట్టి మందు కాదా అండీ?"

ఓ క్షణం నావైపు చూసి, బల్ల గుద్ది నవ్వారు. "ఓరి నీ ఇల్లు బంగారంగానూ! ఇది ముందే చెప్పొచ్చుగా!" అని డబ్బా వెనక్కి పట్టుకెళ్ళారు. ఆ సాయంత్రం మా ఇంటికి బుట్టెడు రొయ్యలొచ్చాయి. అలాంటి మనిషి. అరుస్తారు, వింటారు, మళ్ళీ రేపు ఇంకో దానికి అరుస్తారు. బాసుల్లో ఇంతకన్నా మంచివాళ్ళని మీరు ఆశించకండి, దొరకరు.

ఒక్క విషయంలో మాత్రం ఆయనది పట్టుదల. ఉస్తాద్ చేతులు వణకడం మొదలయ్యాక ఆయన్ని ఇంటికి పంపెయ్యకుండా స్టోరు అప్పగించింది చలపతిరావు గారే. తుపాకులు, తూటాలు, మందు టిన్నులు ఉండే గది అది. తాళంచెవి ఉస్తాద్ మొలతాడుకే ఉండేది. కానీ ఒకసారి ఆయన మర్చిపోయి తాళం వెయ్యకుండా నమాజుకి వెళ్ళిపోయారు. చలపతిరావు గారు అందరిముందూ చెప్పేశారు. "సాహెబు గారూ, మీరంటే నాకు గౌరవం. కానీ మళ్ళీ ఒక్క పొరపాటు జరిగిందంటే తాళంచెవి తీసేసుకుంటా. నేరం నా మెడకి చుట్టుకుంటుంది, ఏవనుకోకండి."

ఆయన అన్నది న్యాయమే. కానీ భార్య పోయి, కూతురింట్లో ఓ మంచం మీద బతుకుతున్న మనిషికి పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరడానికి ఆ తాళంచెవి తప్ప ఇంకో కారణం లేదు. అది పోతే మనిషి మంచం దిగడని నాకు తెలుసు.

హైమావతి టీచరు

హైమావతి గుడివాడలో ఒక స్కూల్లో పీఈటీ టీచరు. ప్రతి ఆదివారం బస్సెక్కి బందరు వచ్చి కాల్చేది. సొంత రైఫిలు లేదు, క్లబ్బుదే. చెయ్యి మాత్రం బంగారం. మా క్లబ్బు నుంచి స్టేట్ టీముకి వెళ్ళగలిగే మనిషి అంటూ ఉంటే ఆమే అని అందరం అనుకునేవాళ్ళం.

ఆ ఏడు ఆమెకి ఆఖరి అవకాశం. భర్తది బ్యాంకు ఉద్యోగం, వేసవికి ఒరిస్సాలో ఏదో మారుమూలకి ట్రాన్స్‌ఫరు. అక్కడ కాల్చుకోవడానికి రేంజి లేదు, క్లబ్బు లేదు. "ఇదొక్కటీ గెలిస్తే చాలు బాబాయ్ గారూ, తర్వాత ఎక్కడికెళ్ళినా ఫర్లేదు" అనేది. పోటీలో మొదటి ముగ్గురిని టీములోకి తీసుకుంటారు.

ఆమె వాడే రైఫిలుకి తగిన మందు పట్టడానికి మాకు ఒక సీజను పట్టింది. స్టోరులో రెండు టిన్నులున్నాయి. పాత టిన్నులో మందు నెమ్మది రకం. ప్రమాదం లేదు గానీ గుండ్లు కాస్త చెదురుగా పడేవి. రెండోది కొంచెం చురుకు. ఆ రైఫిలుకి అది అత్తగారికి నచ్చిన కోడల్లా కుదిరింది, అంటే చాలా అరుదైన సంగతన్న మాట. పోటీకి ఆ మందే అనుకున్నాం. కొత్త టిన్ను కావాలంటే అనుమతులు తిరిగి వచ్చేసరికి నెలలు పడుతుంది, కాబట్టి ఉన్న దాన్నే పొదుపుగా వాడుకుంటూ వచ్చాం.

పోటీకి ఇంకా రెండు వారాలుందనగా అకాల వానలు పట్టుకున్నాయి. స్టోరు గోడలు చెమ్మగిల్లాయి. వానలు వెలిసి గట్టి ఎండలు కాశాయి. ఆ తర్వాతి ఆదివారం ఎప్పటిలాగే మందు తూచి, ఎప్పటి బరువే పోసి, ఎప్పటి గుండ్లే బిగించి హైమావతికి ఇచ్చాను.

బీచి రోడ్డు పక్క మా రేంజిలో ఆమె పడుకుని కాల్చింది. చలపతిరావు గారు దూరదర్శిని కన్నుకి పెట్టుకుని చూస్తూ గంతేశారు. "అమ్మాయ్! రూపాయి బిళ్ళ కింద అన్నీ దాచేశావు కదే!"

నిజమే. ఆ రైఫిలు అంత అందంగా కొట్టడం నేనెప్పుడూ చూడలేదు. హైమావతి మొహం వెలిగిపోతోంది. నేను మాత్రం బోల్టు ఎత్తేటప్పుడు ఆమె మణికట్టు బిగుసుకోవడం చూశాను. రోజూ వేలితో లేచే బోల్టు అది. పేలిన గొట్టం ఏరి చూశాను. అడుగున క్యాపు అంచులు నొక్కుకుపోయి చదునుగా అయిపోయింది. ఇంకోటి ఏరాను, అదీ అంతే.

"ఆపమ్మా" అన్నాను. "ఇంక కాల్చొద్దు."

"ఏం బాబాయ్ గారూ?"

"ఒత్తిడి ఎక్కువైంది. ఎందుకో తెలీదు. చూసొస్తాను, రైఫిలు ముట్టుకోకు."

స్టోరుకి వెళ్ళాను. ఉస్తాద్ కుర్చీలో కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటున్నారు. టిన్ను మూత తీసి వాసన చూశాను. ఆ మందుకి ఘాటైన వాసన ఉంటుంది, ఇంగ్లీషు మందుల షాపులోకి అడుగుపెట్టినట్టు. ఆ వాసన దాదాపు పోయింది. టిన్ను కదిలిస్తే మందు పొడిపొడిగా గలగలలాడింది.

"ఉస్తాద్, ఈ టిన్ను ఏమైనా చేశారా?"

ఆయన మొహంలో గర్వం చూడాలి. "వానలకి తడి పట్టి ఉంటుందిరా. ఆ అమ్మాయి పోటీ కదా అని రోజూ ఇంటికి పట్టుకెళ్ళి డాబా మీద ఎండబెట్టాను. కాకులు రాకుండా గొడుగేసుకుని నేనే కూర్చున్నా. ఎలా ఉంది? బాగా కొడుతోందా?"

ఏం చెప్పను? నాటు మందు ఎండితే మంచిది. ఈ మందు ఎండితే కట్టె కాస్తా గడ్డి అవుతుంది. తూకం అదే, మంట వేరు. పైగా అంతా ఒకేలా ఎండదు, పైపొర ఒకలా, అడుగున ఒకలా. ఒక తూటా మామూలుగా పేలుతుంది, రెండోది ఏం చేస్తుందో దేవుడికి తెలియాలి. ఇదంతా ఆయనకి నేను ఎన్నడూ చెప్పలేదు.

"బాగా కొడుతోంది ఉస్తాద్" అని బయటికి వచ్చేశాను.

రేంజిలో ఇద్దరూ నాకోసం చూస్తున్నారు. మందు ఎక్కువగా ఎండిపోయిందనీ, ఈ టిన్ను పనికిరాదనీ చెప్పాను.

"అంత బాగా కొడుతుంటే పనికిరాదంటావేంటయ్యా?" అన్నారు చలపతిరావు గారు. "కొంచెం తగ్గించి పొయ్యి."

"ఎంత తగ్గించాలో ఎవరికి తెలుసండీ? ఒక్కో చెంచా ఒక్కోలా ఎండింది."

హైమావతి లేచి నిలబడింది. "బాబాయ్ గారూ, ఒక్క పోటీ. ఇదొక్కటే. ఏమైనా అయితే నాదే పూచీ, రాసిమ్మంటే రాసిస్తా. నాకింక మళ్ళీ ఉండదు, మీకు తెలుసు."

"తెలుసమ్మా. నీ కన్ను కూడా మళ్ళీ ఉండదు" అన్నాను. అని ఊరుకోలేదు. ఒత్తిడి గురించి, బోల్టు గురించి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆమె తల ఊపుతూనే ఉంది, కళ్ళల్లో మాత్రం మొండితనం తగ్గలేదు.

"అసలు ఎలా ఎండిందయ్యా?" చలపతిరావు గారు మధ్యలో అడిగారు.

"నేనే ఎండబెట్టానండీ. వానలకి తడి పట్టిందేమోనని."

ఆయన అగ్గిరాముడైపోయారు. "నువ్వా? ఇన్నేళ్ళ సర్వీసు పెట్టుకుని? బుద్ధి గడ్డి తిందా?" ఇంకా చాలా అన్నారు. తలొంచుకుని పడ్డాను. అంతలో ఆయన ఆగి, కళ్ళు చిన్నవి చేసి, "ఆగాగు. స్టోరు తాళం సాహెబు గారి దగ్గర కదా ఉండేది? నువ్వెప్పుడు తీశావు?" అన్నారు.

నేను వంగి మిగతా గొట్టాలు ఏరడం మొదలుపెట్టాను.

"పోనివ్వండి బాబాయ్ గారూ" అంది హైమావతి, చలపతిరావు గారి చెయ్యి పట్టుకుని. ఆయన్నీ బాబాయ్ అనే పిలుస్తుంది. "ఎవరు ఎప్పుడు తీస్తే ఏంటిప్పుడు? నేను పాత టిన్నుతోనే కాలుస్తా. టైము లేదు, రండి, ఆ తూటాలు చేయించుకుందాం." రైఫిలు సంచిలో పెట్టేసింది.

చలపతిరావు గారు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. నా ఉపన్యాసం పనిచేసిందని నేను లోపల్లోపల సంతోషించాను. ఆ మందుని రూలు ప్రకారం పాడుచేసి వదిలించుకున్నాం. ఉస్తాద్‌తో మాత్రం అది ప్రాక్టీసులోనే అయిపోయిందన్నాను.

నాలుగో స్థానం

పోటీలో హైమావతి నాలుగోది. మూడో ఆమెకీ ఈమెకీ తేడా ఒకే ఒక్క పాయింటు.

మీలో ఎవరో ఒకరు నన్నడుగుతారు, ఎండిన మందుతోనే కాల్చి ఉంటే ఏమయ్యేదని. నాకు తెలీదు. బహుశా ఏమీ అయ్యేది కాదు, ఆమె టీములోకి వెళ్ళేది. ఈ ఉద్యోగంలో ఉన్న దరిద్రం ఇదే. జరిగిన ప్రమాదానికి కేసు ఉంటుంది, విచారణ ఉంటుంది. మీరు ఆపిన ప్రమాదం ఎవరికీ కనపడదు, మీక్కూడా. మెడల్ పోగొట్టారన్న తిట్లు మాత్రం కనపడతాయి. ఆ తిట్లు పడే ఓపిక లేనివాళ్ళు ఈ పనిలోకి రావద్దు. ఇది మర్యాదగా చెబుతున్న మాట కాదు, నిజంగానే రావద్దు.

హైమావతి ఫోను ఎత్తడం మానేసింది. రెండు మూడుసార్లు చేశాను. నా చేతకానితనం వల్ల పోటీ పోయిందని కోపంగా ఉందనుకున్నాను. బాధేసింది. కానీ నిజం చెప్పే దారి లేదు.

ఒకరోజు టీ తాగుతూ చలపతిరావు గారు నోరు జారారు. "మన రజాకు మందు ఎండబెట్టకుండా ఉంటే ఆ పిల్ల ఇవాళ స్టేట్ టీములో ఉండేదండీ సాహెబు గారూ!"

ఉస్తాద్ గ్లాసు పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. నావైపు చూశారు. గ్లాసు కింద పెట్టి స్టోరులోకి వెళ్ళిపోయారు.

మర్నాడు తెల్ల లాల్చీ వేసుకుని, అత్తరు రాసుకుని మా ఇంటికొచ్చారు. "గుడివాడ బస్సు ఎన్నింటికిరా?" అన్నారు.

"ఎందుకు ఉస్తాద్?"

"అడిగిందానికి చెప్పు, గాడిదా."

గుడివాడలో

బస్సు గుడ్లవల్లేరు దాటాక, "ఎండబెడితే పాడవుతుందని నాకెందుకు చెప్పలేదు?" అన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

హైమావతి ఇంట్లో సామాను సగం సర్దేసి అట్టపెట్టెలు కట్టి ఉన్నాయి. మమ్మల్ని చూసి కంగారుపడి, పెట్టెల మధ్య కుర్చీలు వేసింది. ఉస్తాద్ కూర్చోలేదు.

"అమ్మా, ఆ మందు ఎండబెట్టింది నేను. వీడు కాదు. నీ పోటీ పాడుచేసింది నేను. మాఫీ అడగడానికొచ్చాను" అన్నారు. ఆ మనిషి నోట మాఫీ అన్న మాట నేను అంతకు ముందు వినలేదు.

"తెలుసు తాతగారూ" అంది హైమావతి.

నేను అదిరిపడ్డాను. "తెలుసా? ఎప్పట్నుంచి?"

"ఆ వారం షూటింగు జాకెట్టు జిప్పు బాగుచేయించుకోడానికి బందరు వచ్చాను కదా, తాతగారి వీధిలోంచి వెళ్తుంటే డాబా మీద గొడుగేసుకుని కాకుల్ని తోలుతున్నారు. వడియాలనుకున్నా. రేంజిలో మీరు 'నేనే ఎండబెట్టా' అనగానే అర్థమైంది." నావైపు తిరిగింది. "మీ ఉపన్యాసం విని ఆగాననుకున్నారా? ఆ మందుతోనే కాలుద్దామని గట్టిగా అనుకున్నా. ఇంకో రెండు మాటలు వాదిస్తే సెక్రటరీ బాబాయ్‌ని ఒప్పించేసేదాన్ని కూడా. కానీ ఆయన తాళం సంగతి అడగడం మొదలుపెట్టారు. ఇంకాస్త సాగితే తాతగారి దగ్గరికి వెళ్ళేవారు. అందుకని రైఫిలు సంచిలో పెట్టేశా."

ఉస్తాద్ కుర్చీలో కూలబడ్డారు. "పిచ్చిపిల్లా! ఈ ముసలాడి కోసం నీ పోటీ వదులుకున్నావా?"

"వదులుకోలేదు, పాత టిన్నుతో కాల్చా. ఓడిపోయా" అంది. అంటూనే ఏడ్చేసింది. "ఏడుపు రాలేదని చెప్పను తాతగారూ. అన్నం సయించలేదు, మా ఆయన్నడగండి. కానీ మీరు పొద్దున్నే స్టోరు దగ్గర లేకపోతే నాకు క్లబ్బే లేదు. మొదటి రోజు నాకు రైఫిలు చేతికిచ్చింది మీరే."

"మరి నా ఫోను ఎందుకు ఎత్తలేదమ్మా?" అన్నాను.

"మీ మీద కోపం కాబట్టి." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మందు మీద కాదు. నాక్కూడా అబద్ధం చెప్పారు. తర్వాతైనా ఒక్క ముక్క చెప్పొచ్చుగా, నన్ను పరాయిదాన్ని చేశారు. పైగా తాతగారికి అసలు సంగతే చెప్పకుండా దాచారు. రేపు ఆయన ఇంకో టిన్ను ఎండబెడితే? అప్పుడెవరి కన్ను పోవాలి?"

ఇంత సర్వీసులో నాకు ఎవరూ వెయ్యని ప్రశ్న అది. ఉస్తాద్‌ని కాపాడాననుకుంటూ ప్రమాదాన్ని తాళం వేసి అదే గదిలో ఉంచాను. ఆమె మా ఇద్దరికీ ఉప్మా చేసి పెట్టింది, మారు వడ్డించింది.

మర్నాడు పొద్దున నేను వర్కుషాపుకి వెళ్ళేసరికి ఉస్తాద్ అప్పటికే వచ్చి బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. నా బల్లకి ఇవతల ఒక పొట్టి స్టూలు ఉండేది. పని నేర్చుకునేవాళ్ళం అందరం దాని మీదే కూర్చున్నాం, నేనూ కుర్రప్పుడు దాని మీదే తిట్లు తిన్నాను. ఆయన మోకాళ్ళు పట్టుకుని నెమ్మదిగా ఆ స్టూలు మీద కూర్చున్నారు. నేను కంగారుగా కుర్చీ జరపబోతే వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టారు. టోపీ సరిచేసుకున్నారు.

"ఆ కొత్త మందు సంగతి నాకు మొదట్నుంచీ చెప్పు. ఏదీ వదిలెయ్యకు. తప్పు చేస్తే మొహమాటపడకుండా తిట్టు" అన్నారు.

"మీకు నేను..."

"బిస్మిల్లా" అన్నారాయన, మొదటి పాఠానికి కూర్చున్న పిల్లాడిలా. "చెప్పు, ఉస్తాద్."

నేను ఏడ్చేశాను. ఆయన నా ఏడుపు అయ్యేదాకా ఆగారు. తర్వాత పాత టిన్ను తీసి ఆయన ముందు పెట్టి, మూత తెరిచి, "ముందు వాసన చూడండి" అని మొదలుపెట్టాను.